చిన్న సీఎన్‌సీ రౌటర్లలో జెడ్ జీరో: ఎత్తు తప్పే తీరులు, కనిపెట్టే పద్ధతులు

సీఎన్‌సీ రౌటర్‌లో కోసే బిట్ మొన ఏ ఎత్తున ఉన్నప్పుడు అదే సున్నా అని యంత్రానికి చెప్తామో ఆ ఎత్తును జెడ్ జీరో అంటారు. అడ్డంగా కదిలే దిశకు ఎక్స్ అనీ, ముందుకూ వెనక్కూ కదిలే దిశకు వై అనీ, పైకీ కిందికీ కదిలే దిశకు జెడ్ అనీ పేర్లు. ఎక్స్, వైలలో అర మిల్లీమీటరు తప్పితే బొమ్మ మొత్తం ఓ పక్కకు జరుగుతుంది, చాలా పనుల్లో అది కంటికి ఆనదు కూడా. జెడ్‌లో అదే అర మిల్లీమీటరు తప్పితే చెక్క పాడవుతుంది, సన్నని బిట్ విరుగుతుంది, కింది బెడ్‌లో గాడి పడుతుంది. తప్పు పైవైపు జరిగితే బిట్ చెక్కను తాకకుండా గాలిలోనే తిరిగి పని ముగించేస్తుంది. ఇంట్లో, షెడ్డులో, కాలేజీ ల్యాబులో చిన్న రౌటర్ పెట్టుకున్నవారు ఎక్కువగా తల పట్టుకునేది ఈ ఎత్తు దగ్గరే.

అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ల్యాబొరేటరీ 1952లో ప్రదర్శించింది. ఆ ఆలోచనకు మూలపురుషుడు జాన్ పార్సన్స్. దశాబ్దాల పాటు అది పెద్ద ఫ్యాక్టరీల సొత్తుగానే ఉండిపోయింది. ఇళ్లలోకి దిగింది ఈ శతాబ్దంలో. నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్‌స్రూడ్ 2009లో ఆర్డుయినో బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం రాశారు. 2011లో ఎడ్వర్డ్ ఫోర్డ్ రూపొందించిన షేపోకో కిట్ వచ్చింది. ఆ తర్వాత 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు పనిస్థలం ఉండే 3018 రకం యంత్రాలు చవకగా దొరకసాగాయి. ఈ వ్యాసంలోని సెట్టింగ్ అంకెలు, కోడ్లు జీఆర్‌బీఎల్‌కు చెందినవి. మాక్3, లినక్స్‌సీఎన్‌సీ వాడేవారికి పేర్లు కొంత మారతాయి, సూత్రం మారదు.

లెక్కే తప్ప చూపు లేదు

జెడ్‌ను కదిపే స్టెప్పర్ మోటారు మామూలుగా ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ ఒక్కో అడుగునూ 16 చిన్న అడుగులుగా విడగొట్టేలా పెట్టి ఉంటే చుట్టుకు 3,200 అవుతాయి. స్క్రూ ఒక చుట్టుకు 8 మి.మీ. దిగేదైతే మిల్లీమీటరుకు 400 పల్సులు. కంట్రోలర్ చేసేదల్లా ఈ పల్సులను పంపి, పంపినవాటిని లెక్కపెట్టుకోవడం. మోటారు నిజంగా తిరిగిందా, స్క్రూ తిరిగినా బిట్‌ను తిప్పే స్పిండిల్ దిగిందా, దిగినా బిట్ తనను పట్టి ఉంచే కొలెట్‌లో జారకుండా ఉందా అన్నది దానికి తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషిలాంటిది ఈ యంత్రం. ఫ్యాక్టరీ యంత్రాల్లో మోటారు తిరుగుడును కొలిచి తిరిగి చెప్పే ఎన్‌కోడర్లు ఉంటాయి. చిన్న రౌటర్లలో అవి సాధారణంగా ఉండవు.

లెక్క కూడా ఒక్కటి కాదు. మెషీన్ కోఆర్డినేట్లు వేరు, వర్క్ కోఆర్డినేట్లు వేరు. లిమిట్ స్విచ్‌లున్న యంత్రంలో హోమింగ్ చేస్తే స్పిండిల్ పైకి వెళ్లి, స్విచ్‌ను తాకి, ఒక మిల్లీమీటరు వెనక్కు వస్తుంది. అక్కడ మెషీన్ జెడ్ విలువ మైనస్ 1. అక్కడి నుంచి దిగేకొద్దీ అంకె మైనస్‌లో పెరుగుతుంది. బిట్ మొన చెక్కను తాకిన చోట మెషీన్ జెడ్ మైనస్ 38.4 అనుకుందాం. ఇక్కడ జీరో అని నొక్కగానే ఆ మైనస్ 38.4 అంకె జీ54 అనే గడిలో నమోదవుతుంది. తెర మీద కనిపించే సున్నా అంటే మెషీన్ విలువ నుంచి ఆ అంకెను తీసివేయగా మిగిలినది. జీ54 కాక జీ92 అనే మరో సవరణ, బిట్ పొడవు సవరణ అనే ఇంకొకటి కూడా ఉన్నాయి. ఈ మూడూ కలిసే లెక్కలోకి వస్తాయి. ఎప్పుడో పెట్టి మరచిన జీ92 ఉంటే, జీ54ను ఎంత సరిగ్గా పెట్టినా అంకెలు పొంతన కుదరక మనిషిని గందరగోళంలో పడేస్తాయి. అందుకే ఎత్తు అర్థం కాని విధంగా తప్పినప్పుడు ముందుగా $# అని పంపి, ఈ గడులన్నిటిలో ఏముందో చదవాలి. అర నిమిషం పట్టని ఈ పనిని చాలామంది చివరికి గాని చేయరు.

వీటికి తోడు బొమ్మను కోత ఆదేశాలుగా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్‌కు తన సొంత సున్నా ఉంటుంది. చెక్క పైముఖమే సున్నా అని అక్కడ ఎంచుకోవచ్చు, అడుగుముఖమే సున్నా అనీ ఎంచుకోవచ్చు. అంటే బిట్ మొన, చెక్క ముఖం, కంట్రోలర్ లెక్క, బొమ్మలోని సున్నా ఈ నాలుగూ ఒక్క మాట మీద ఉన్నప్పుడే కోత సరిగ్గా వస్తుంది. ఎత్తు తప్పిందంటే వీటిలో ఒకటి మాట తప్పిందన్నమాట. అది ఏదో తేల్చుకోకుండా మళ్లీ జీరో పెడితే ఆనవాళ్లు చెరిగిపోతాయి, తప్పు అలాగే ఉంటుంది.

జీరో పట్టే తీరులు

అన్నిటికంటే పాతది, ఇప్పటికీ నమ్మదగినది కాగితం పద్ధతి. మామూలు జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. దాన్ని చెక్క మీద పెట్టి అటూ ఇటూ కదుపుతూ బిట్‌ను 0.05 లేదా 0.02 మి.మీ. చొప్పున దించాలి. కాగితం పట్టేసిన క్షణంలో ఆపి, ఆ ఎత్తును సున్నా అని కాక 0.1 అని నమోదు చేయాలి. సున్నా అని పెడితే ప్రతి కోతా 0.1 మి.మీ. పైకి వస్తుంది. తలుపు చెక్కేవారికి అది లెక్కలోది కాదు, సర్క్యూట్ బోర్డు చెక్కేవారికి అదే మొత్తం లోతు. ఇంకో తీరు కూడా ఉంది. మందం తెలిసిన డ్రిల్ బిట్ కాడను చెక్క మీద దొర్లిస్తూ, స్పిండిల్‌ను కొద్దికొద్దిగా పైకెత్తుతూ, కాడ మొన కిందినుంచి దూరిపోయిన చోట ఆ మందాన్ని జెడ్ విలువగా పెట్టడం. పైకెత్తుతూ కొలుస్తాం కనుక బిట్ మొనకు దెబ్బ తగలదు. సన్నని బిట్లకు దీన్నే మెరుగైనదిగా ఎంచుతాను.

ప్రోబ్ ప్లేటు పద్ధతిలో ఒక తీగ ప్లేటుకు, మరో తీగ క్లిప్పు ద్వారా బిట్‌కు కలుపుతారు. జీ38.2 ఆదేశంతో బిట్ నెమ్మదిగా దిగి ప్లేటును తాకగానే సర్క్యూట్ పూర్తయి యంత్రం ఆగుతుంది. అక్కడ ప్లేటు మందాన్ని జెడ్ విలువగా పెడతారు. చేతి వాటంతో పని లేదు కనుక ప్రతిసారీ ఒకేలా వస్తుందన్నది దీని బలం. కానీ తప్పుగా వస్తే కూడా ప్రతిసారీ ఒకేలా తప్పుతుంది. ప్లేటు మీద ముద్రించిన మందాన్ని నమ్మకుండా వెర్నియర్‌తోనో మైక్రోమీటర్‌తోనో కొలిచి, ఆ అంకెనే సెట్టింగ్‌లో రాయాలి. ప్లేటు కింద ఒక్క పొట్టు రవ్వ చిక్కుకున్నా ఎత్తు మారుతుంది. రంగు ఆనొడైజింగ్ చేసిన అల్యూమినియం పైపొర కరెంటును పోనివ్వదు, బిట్‌కు అంటిన జిగురు కూడా అంతే.

ప్రోబ్‌లో చాలామందికి తెలియని సూక్ష్మం ఒకటుంది. బిట్ తాకిన క్షణంలో యంత్రం ఠక్కున ఆగదు, వేగం తగ్గించుకుంటూ కొంత దూరం పోయి ఆగుతుంది. ఆ దూరం వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. జీఆర్‌బీఎల్ తొలి సెట్టింగ్‌లో త్వరణం సెకనుకు సెకనుకు 10 మి.మీ. నిమిషానికి 100 మి.మీ. వేగంతో దిగితే తాకాక సుమారు 0.14 మి.మీ. ముందుకు పోతుంది. నిమిషానికి 25 మి.మీ. అయితే ఆ దూరం 0.009 మి.మీ. మాత్రమే. ఆగిన చోటునే తాకిన చోటుగా భావించి జీరో పెట్టే మాక్రోలు ఈ దూరాన్ని తప్పుగా కలిపేస్తాయి. మొదట వేగంగా తాకి, కొద్దిగా లేచి, రెండోసారి బాగా నెమ్మదిగా తాకే మాక్రో వాడాలనేది ఇందుకే.

ప్రోబ్ చేసే ముందు ప్లేటును చేత్తో ఎత్తి బిట్‌కు తాకించి చూడటం తప్పనిసరి. తాకినప్పుడు తెర మీద ప్రోబ్ గుర్తు వెలగాలి, తీయగానే ఆరిపోవాలి. వెలగకపోతే క్లిప్పు ఊడింది, తీగ తెగింది లేదా స్పిండిల్ బాడీకి తగిలించిన క్లిప్పు బేరింగుల్లోని గ్రీజు పొర వల్ల బిట్ దాకా అందడం లేదు. క్లిప్పు ఎప్పుడూ బిట్ కాడకే పెట్టడం మంచిది. అలారం 4 వస్తే దిగడం మొదలుకాకముందే ప్రోబ్ తాకి ఉన్నట్టు యంత్రానికి కనిపిస్తోందని అర్థం. తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూసి, $6 సెట్టింగ్ తిరగబడి ఉందేమో చూడాలి. అలారం 5 వస్తే చెప్పినంత దూరం దిగినా ఏదీ తగల్లేదని అర్థం. ఇక ప్లేటును తాకకముందే గాలిలో ఆగిపోతుంటే ఆ తీగ చుట్టుపక్కల విద్యుత్ అలజడిని పట్టుకుంటోంది. ఆర్డుయినో లోపలి పుల్‌అప్ రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓముల దాకా ఉంటుంది కనుక పొడవాటి ప్రోబ్ తీగకు అలజడి సులువుగా అంటుకుంటుంది. షీల్డు ఉన్న తీగ వాడి, దాన్ని స్పిండిల్ కరెంటు తీగలకు దూరంగా లాగితే చాలావరకు తగ్గుతుంది. జీరో అయ్యాక క్లిప్పు తీయనిదే స్పిండిల్ తిప్పకూడదు. తిరిగే బిట్ తీగను చుట్టుకుని చేతినీ కంటినీ గాయపరుస్తుంది.

మొదటి కోతే తప్పితే

తొలి గీత నుంచే లోతు తప్పి, ఆ తేడా పని పొడవునా మారకుండా ఉంటే యాంత్రిక లోపం వెతకనక్కర్లేదు. తప్పు జీరో పెట్టడంలోనో ఫైలులోనో ఉంది. తేడా ఎంతో కొలిస్తే అంకే కారణం చెప్తుంది. తేడా సరిగ్గా ప్లేటు మందమంత ఉంటే ప్లేటు మందం రెండుసార్లు కలిసింది లేదా అసలు కలవలేదు. తేడా చెక్క మందమంత ఉంటే క్యామ్‌లో అడుగుముఖం సున్నాగా ఎంచి, యంత్రంలో పైముఖం మీద జీరో పెట్టారు. దాని ఫలితం బిట్ గాలిలో తిరగడం, ఎంపిక తిరగబడితే బెడ్‌లోకి దూసుకుపోవడం. 25.4 రెట్ల తేడా ఉంటే ఫైలు ఒక కొలమానంలో, యంత్రం మరో కొలమానంలో ఉన్నాయి. జీ20 అంటే అంగుళాలు, జీ21 అంటే మిల్లీమీటర్లు. తేడా లోతును బట్టి పెరుగుతూ, 5 మి.మీ. అడిగితే 10, 10 అడిగితే 20 వస్తుంటే అది జీరో సమస్యే కాదు, మిల్లీమీటరుకు పల్సుల సంఖ్య అయిన $102 తప్పు. చుట్టుకు 4 మి.మీ. దిగే స్క్రూకు 800 కావాలి. స్క్రూను 8 మి.మీ. దానితో మార్చి అంకెను 800గానే వదిలేస్తే సరిగ్గా రెట్టింపు దిగుతుంది.

పైముఖమా, అడుగుముఖమా అన్నది అలవాటు మీద కాక పనిని బట్టి తేల్చుకోవాలి. అక్షరాలు చెక్కడంలో లోతు పైముఖం నుంచి కొలవాలి, కనుక పైముఖమే సున్నా. ముక్కను పూర్తిగా తెగేలా కోయాలంటే బెడ్ మీద సున్నా పెట్టడం మేలు. 18 మి.మీ. అని కొన్న ప్లైవుడ్ వెర్నియర్‌కు అంతకంటే తక్కువే చూపడం మామూలు. పోత పోసి చేసే యాక్రిలిక్ షీటులో ఒక మూలకూ మరో మూలకూ మందం తేడా ఉంటుంది. బెడ్ సున్నా అయితే చెక్క మందం ఎటు పోయినా బిట్ బెడ్‌ను తాకే లోతు మారదు.

తెలుగు అక్షరాలతో పేరు పలకలు చెక్కేవారికి ఈ తొలి జీరో మరీ కీలకం. వి ఆకారపు బిట్‌తో చెక్కేటప్పుడు గీత వెడల్పును నిర్ణయించేది లోతే. 90 డిగ్రీల బిట్ అయితే వెడల్పు లోతుకు రెట్టింపు, అంటే 0.2 మి.మీ. లోతు ఎక్కువైతే గీత 0.4 మి.మీ. వెడల్పెక్కుతుంది. 60 డిగ్రీల బిట్‌కు ఆ పెరుగుదల సుమారు 0.23 మి.మీ. రోమన్ అక్షరాల్లో గీతల మధ్య ఖాళీ ఎక్కువ కనుక ఇది పెద్దగా బయటపడదు. మన లిపిలో అక్షరానికీ దాని కింది ఒత్తుకూ మధ్య, గుడికీ తలకూ మధ్య మిగిలే చెక్క సన్నని పట్టీలా ఉంటుంది. జీరో కొంచెం కిందికి పోతే ఆ పట్టీ టేకులో రేకలా లేచిపోతుంది, ఎండీఎఫ్‌లో పొడైపోతుంది. జీరో కొంచెం పైకి పోతే వట్రుసుడి కొస, తలకట్టు చివర అసలు పడనే పడవు. పేరు పలక మొత్తం చెక్కే ముందు అదే చెక్క తునక మీద ఒత్తు ఉన్న ఒక్క అక్షరం చెక్కి చూడటం దీనికి సరైన పరీక్ష.

పని సాగేకొద్దీ తప్పితే

మొదట బాగానే మొదలై, గంట గడిచేసరికి లోతు మారిపోవడం అన్నిటికంటే విసిగించే రకం. కారణాలు కూడా ఇక్కడే ఎక్కువ. ఇందులో మొదట అడగాల్సిన ప్రశ్న, లోతు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది.

లోతు పెరుగుతుంటే అనుమానం రెండు చోట్ల పెట్టాలి. ఒకటి, బిట్ కొలెట్ నుంచి కిందికి జారుతోంది. పొట్టును పైకి లాగే అప్‌కట్ స్పైరల్ బిట్లు కోసేటప్పుడు తమను తాము చెక్కలోకి లాక్కుంటాయి, కొలెట్ పట్టు చాలకపోతే అదే పనిగా దిగిపోతాయి. రెండు, మోటారు పైకెత్తేటప్పుడు అడుగులు తప్పుతోంది. స్పిండిల్ బరువుకు ఎదురుగా వేగంగా లేవాల్సిన ప్రతిసారీ కొంచెం తక్కువ లేచి, దిగేటప్పుడు పూర్తిగా దిగితే ప్రతి ఎత్తుకూ ఒక మెట్టు లోతు పెరుగుతుంది. ఈ రెంటినీ వేరు చేయడానికి పని మొదలుపెట్టే ముందు బిట్ కాడ మీద కొలెట్ నట్టు అంచున మార్కర్ పెన్నుతో సన్నని గీత గీయాలి. మోటారు కాడ, కప్లింగ్, స్క్రూ మూడింటి మీదుగా మరో గీత గీయాలి. పని ఆగాక మొదటి గీత నట్టుకు దూరమైతే బిట్ జారింది. రెండో గీత తెగి పక్కకు జరిగితే కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ వదులైంది. రెండూ చెక్కుచెదరకపోతే మోటారు అడుగులు తప్పింది. నాకు తెలిసినంతలో ఈ రెండు గీతలంత చవకైన, కచ్చితమైన పరికరం ఇంకొకటి లేదు.

బిట్ జారుతుంటే నట్టు ఇంకా బిగించడం ఒక్కటే మందు కాదు. కొలెట్ చీలికల్లో చేరిన పొట్టు, రాలిన జిగురు తీసి శుభ్రం చేయాలి. ఈఆర్ రకం కొలెట్‌ను స్పిండిల్‌లో పెట్టి దాని మీద నట్టు తిప్పకూడదు. ముందు కొలెట్‌ను నట్టులోకి టక్కుమనేలా నొక్కి, తర్వాత రెంటినీ కలిపి ఎక్కించాలి. కాడ 6 మి.మీ. అయితే 6 మి.మీ. కొలెటే కావాలి. 6.35 మి.మీ. అంటే పావు అంగుళం కొలెట్‌లో 6 మి.మీ. కాడను బిగిస్తే పట్టినట్టే ఉండి జారుతుంది.

మోటారు అడుగులు తప్పినప్పుడు తేడాకు ఒక గుర్తింపు ఉంటుంది. స్టెప్పర్ మోటారు పట్టు కోల్పోతే ఎంతపడితే అంత జారదు, నాలుగు పూర్తి అడుగుల చొప్పున, అంటే 7.2 డిగ్రీల చొప్పున జారి తిరిగి పట్టుకుంటుంది. 8 మి.మీ. స్క్రూ మీద అది 0.16 మి.మీ. కనుక లోతు తేడా 0.16, 0.32, 0.48 ఇలా మెట్లుగా కనిపిస్తే మోటారు ఓడిపోతోందని నిర్ధారించుకోవచ్చు. అప్పుడు జెడ్ గరిష్ఠ వేగం $112నూ, త్వరణం $122నూ సగానికి తగ్గించి చూడాలి. కరెంటు ఆపి స్క్రూను చేత్తో తిప్పి ఎక్కడైనా బిగుసుకుంటోందేమో చూడాలి. దుమ్ము ముద్దకట్టిన గ్రీజు, వంగిన స్క్రూ, సమాంతరం తప్పిన గైడ్ కడ్డీలు ఇక్కడ దొరుకుతాయి. ఆ తర్వాతే డ్రైవర్ కరెంటు పెంచే మాట. పెంచినదంతా మోటారులో వేడిగా మారుతుంది కనుక గుడ్డిగా పెంచకూడదు.

మెట్లు లేకుండా, జెడ్ కదలికల సంఖ్యకు తగినట్టు నిదానంగా ఒకే దిశలో ఎత్తు జారిపోతుంటే మోటారును తప్పుపట్టకూడదు. కంట్రోలరుకూ డ్రైవరుకూ మధ్య సంకేతం సరిపడటం లేదు. దిశ మారే ప్రతిసారీ ఒక చిన్న అడుగు పోతుందనుకుంటే అది 0.0025 మి.మీ. మాత్రమే. కానీ చుక్కలు చుక్కలుగా పొడిచే ఫైలులో 400 సార్లు దిశ మారేసరికి ఒక మిల్లీమీటరు తేడా వచ్చేస్తుంది. స్టెప్ పల్సు ధ్రువత తిరగబడి ఉండటం దీనికి తరచు కారణం, దాన్ని $2 సెట్టింగ్‌లో సరిచేయాలి. బయటి డ్రైవర్లు వాడేవారు పల్సు వెడల్పు $0ను కూడా డ్రైవర్ కాగితంలో చెప్పినంతకు పెంచాలి.

మరో దొంగ $1. మోటారు ఆగాక ఎంతసేపటికి కరెంటు తీసేయాలో చెప్పే సెట్టింగ్ ఇది. తొలి విలువ 25 మిల్లీసెకన్లు. అంటే జెడ్ కదలకుండా ఉన్న మరుక్షణమే, మిగతా మోటార్లూ ఆగి ఉంటే, మోటారు పట్టు వదిలేస్తుంది. టీ8 స్క్రూలో 2 మి.మీ. అంతరంతో నాలుగు మరలు కలిసి చుట్టుకు 8 మి.మీ. దిగే రకంలో మరల వాలు ఎక్కువ కనుక బరువైన స్పిండిల్ దాన్ని వెనక్కు తిప్పుకుంటూ కిందికి జారగలదు. బాల్ స్క్రూ అయితే మరీ సులువుగా జారుతుంది. $1ను 255గా పెడితే మోటార్లు ఎప్పుడూ పట్టే ఉంటాయి. జీరో పెట్టి, టీ తాగి వచ్చేసరికి ఎత్తు మారిపోయిందనే ఫిర్యాదుల్లో ముందుగా చూడాల్సింది ఈ అంకెనే.

లోతు తగ్గుతూ పోతుంటే, దిగేటప్పుడు మోటారు ఓడుతోందేమో, లేదా బిట్ మొద్దుబారి చెక్క దాన్ని పైకి నెడుతోందేమో చూడాలి. స్పిండిల్ బరువు మామూలుగా జెడ్ నట్టును ఒక ముఖానికే ఆనించి ఉంచుతుంది, అందుకని నట్టులోని వదులు, అంటే ఆట, బయటపడదు. గట్టి ముడి తగిలి బిట్ పైకి లేచినప్పుడు ఆ ఆట అంతా ఒక్కసారిగా లోతులోంచి పోతుంది. స్పిండిల్‌ను చేత్తో పట్టి పైకెత్తి చూస్తే, డయల్ గేజ్ ఉంటే ఎంత లేచిందో అంకెల్లోనే తెలుస్తుంది.

ఇవన్నీ కలగాపులగంగా ఉంటే మూడు విడతల పరీక్ష పెట్టాలి. అదే ఫైలును, బిట్ చెక్కకు అందకుండా జీరోను బాగా పైకి పెట్టి, స్పిండిల్ ఆపి నడపాలి. చివర జెడ్ సున్నాకు తెచ్చి మొదటి చోటుకే వచ్చిందో లేదో కొలవాలి. ఇక్కడే తప్పితే సెట్టింగులు, డ్రైవర్, స్క్రూ వైపు లోపం. ఇది నెగ్గితే స్పిండిల్ తిప్పుతూ గాలిలోనే మరోసారి నడపాలి. ఇప్పుడు తప్పితే స్పిండిల్ పుట్టించే విద్యుత్ అలజడి. ఇదీ నెగ్గి, నిజంగా కోసినప్పుడే తప్పితే కోత బలం, కొలెట్ పట్టు, చెక్క బిగింపు మిగులుతాయి. ఒక్కో విడతలో ఒక్కో అనుమానం తగ్గుతుంది కనుక, ఊహతో నాలుగు భాగాలు కొని మార్చడం కంటే ఇది ఎంతో చవక.

చోటును బట్టి తప్పితే

ఎడమవైపు లోతు సరిగ్గా ఉండి కుడివైపు తక్కువైతే జీరోలో లోపం లేదు, బెడ్‌కూ స్పిండిల్‌ను మోసే గ్యాంట్రీకీ సమాంతరం లేదు. బెడ్ మీద ఎండీఎఫ్ పలక బిగించి, వెడల్పాటి బిట్‌తో యంత్రం చేతే దాని పైముఖాన్ని పలుచగా కోయిస్తే అది యంత్రం కదలికకు సమాంతరమవుతుంది. ఎండీఎఫ్ తేమకు ఉబ్బుతుంది. కోస్తా జిల్లాల్లో వానాకాలం దాటాక ఈ పైకోత మళ్లీ అవసరపడవచ్చు. బెడ్ సమంగా ఉన్నా చెక్క వంగి ఉండవచ్చు. అంచులు మాత్రమే బిగించిన పలుచని షీటును అప్‌కట్ బిట్ మధ్యలో పైకి లాగుతుంది, అక్కడ కోత లోతెక్కుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు, లేదా పొట్టును కిందికి నొక్కే డౌన్‌కట్ బిట్ దీనికి విరుగుడు.

సర్క్యూట్ బోర్డు చెక్కడంలో ఇదంతా పది రెట్లు కఠినమవుతుంది. మామూలు బోర్డు మీది రాగి పొర మందం 35 మైక్రాన్లు. 1.6 మి.మీ. బోర్డు ఎంత జాగ్రత్తగా బిగించినా దాని వంపు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకని క్యాండిల్, బీసీఎన్‌సీ వంటి ప్రోగ్రాములు బోర్డు మీద గళ్లగళ్లుగా ప్రోబ్ చేసి, ఎత్తుపల్లాల పటం తయారుచేసి, ఫైలులోని ప్రతి జెడ్ విలువనూ దానికి తగ్గట్టు సవరిస్తాయి. రాగి తానే కరెంటును పోనిస్తుంది కనుక ప్లేటు అక్కర్లేదు. స్పిండిల్ వేడి కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 100 మి.మీ. ఉక్కు కాడ 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 36 మైక్రాన్లు సాగుతుంది, అంటే రాగి పొరంత. స్పిండిల్‌ను కాసేపు తిప్పి, వేడెక్కించి, ఆపి, ఆ తర్వాత జీరో పెట్టాలి.

బిట్ మార్చాక, మళ్లీ మొదలుపెట్టాక

బిట్ మారిస్తే పొడవు మారుతుంది, జెడ్ జీరో మళ్లీ పెట్టాలి. ఎక్స్, వై జీరోలను ముట్టుకోకూడదు. ఇక్కడ వచ్చే చిక్కు, మొదటి బిట్ చెక్క పైముఖాన్ని పూర్తిగా కోసేసి ఉంటే రెండో బిట్‌ను ఆనించడానికి ఆ ముఖమే మిగలకపోవడం. కోసిన ముఖం మీద జీరో పెడితే రెండో బిట్ కోత అంతా అంతే లోతుకు దిగిపోతుంది. పని మొదలవకముందే బెడ్ మీద కోత పడని ఒక చోటు ఎంచుకుని, చెక్క ముఖానికీ ఆ చోటుకూ ఎత్తు తేడా రాసిపెట్టుకోవాలి. ఏ బిట్ పెట్టినా అక్కడే తాకించి ఆ తేడాను కలుపుకోవచ్చు. స్థిరంగా బిగించిన టూల్ సెట్టర్ చేసేది ఈ పనే.

నిన్న పెట్టిన జీరో ఇవాళ లేకపోవడానికి కారణం సాధారణంగా హోమింగ్ లేకపోవడం. జీ54 అంకె బోర్డు జ్ఞాపకంలో భద్రంగానే ఉంటుంది. కానీ కరెంటు వచ్చాక యంత్రం తాను నిలిచి ఉన్న చోటునే మెషీన్ సున్నాగా తీసుకుంటుంది, ఆ అంకెకు ఆధారం పోతుంది. ఆర్డుయినో బోర్డులో యూఎస్‌బీ తిరిగి కలిపినా అదే జరుగుతుంది, కలిసిన క్షణంలో బోర్డు రీసెట్ అవుతుంది కనుక. దుమ్ము లాగే ప్లాస్టిక్ గొట్టంలో పుట్టే స్థిర విద్యుత్తు వల్ల యూఎస్‌బీ తెగి కలిస్తే పని మధ్యలోనే ఇది జరగవచ్చు. కదలికలో ఉండగా రీసెట్ నొక్కితే అలారం 3 వచ్చి స్థానం అనుమానంలో పడుతుంది. ముందు ఫీడ్ హోల్డ్‌తో ఆపి, కదలిక నిలిచాక రీసెట్ చేస్తే లెక్క నిలుస్తుంది.

హోమింగ్ లేని యంత్రాలకు జీ28 ప్రమాదకరం. కొన్ని క్యామ్ ప్రోగ్రాములు పని మొదట్లో, చివర్లో స్పిండిల్‌ను సురక్షితమైన ఎత్తుకు లేపడానికని ఈ ఆదేశం రాస్తాయి. హోమింగ్ ఉంటే అది పైకి వెళ్లడం, లేకపోతే కరెంటు ఇచ్చినప్పుడు బిట్ ఎక్కడుందో అక్కడికి వెళ్లడం. బిట్ చెక్కకు ఆనుకుని ఉండగా స్విచ్ వేసి ఉంటే అది చెక్క మీదికే దిగుతుంది. క్యామ్‌లోని పోస్ట్ సెట్టింగ్‌లో జీ28 బదులు క్లియరెన్స్ ఎత్తును ఎంచుకోవాలి.

కోత మధ్యలో కరెంటు పోతే చేయాల్సిన క్రమం ఇది. చెక్కను బిగింపు నుంచి కదపకూడదు. బిట్ చెక్కలో ఇరుక్కుని ఉంటే జెడ్ స్క్రూను చేత్తో పైకి తిప్పాలి. కరెంటు వచ్చాక హోమింగ్ చేసి, జీ54 అంకె పాతదేనా అని $#తో సరిచూడాలి. స్పిండిల్ ఆపి ఉంచి, చెక్క మీద కోయని చోటుకు వెళ్లి, కాగితంతో జెడ్ 0.1 దగ్గర పట్టుతోందో లేదో చూడాలి. పట్టితే ఆగిన వరుసకు కొన్ని వరుసల ముందు నుంచి ఫైలును నడపవచ్చు. ఆ వరుసకు ముందున్న జీ21, జీ90, స్పిండిల్ వేగం, ఫీడ్ ఆదేశాలను విడిగా పంపి, బిట్‌ను సురక్షిత ఎత్తులో ఉంచాకే నడపాలి. హోమింగ్ స్విచ్‌లు లేని యంత్రంలో ఎక్స్, వైలకు కూడా ఆధారం పోతుంది కనుక, పని మొదట్లోనే చెక్క మూలలో సన్నని వి బిట్‌తో ఒక చుక్క పొడిచి పెట్టుకోవాలి. కరెంటు పోయినా ఆ చుక్కలో బిట్ మొన దించి మూడు జీరోలూ మళ్లీ పట్టుకోవచ్చు.